చార్లీ కథ విన్నవారు



నేడు నేను ఒక నవలను గూర్చియు, అంతకంటె నెక్కువగా దానిని చదివినవారిని గూర్చియు మీతో ముచ్చటింపదలచితిని. నవల పేరు ‘ఆల్జర్నాన్‌కు పువ్వులు’. అమెరికా దేశస్థుడగు డేనియల్ కీస్ దీనిని 1959లో చిన్నకథగా ప్రకటించి, 1966లో పెంచి నవలగా వెలువరించెను. ఆల్జర్నాన్ అనగా మనిషి కాదు; ఒక చిట్టెలుక.

కథానాయకుడు చార్లీ గోర్డన్. వయస్సు 32 సంవత్సరములు, బుద్ధి పసివానిది. న్యూయార్కులో ఒక రొట్టెల దుకాణమున ఊడ్చుట, బరువులు మోయుట అతని పని. చదువుకొనవలెనని మాత్రము తీరని కోరిక. వైద్యులు మెదడునకు శస్త్రచికిత్స చేసి ఆ చిట్టెలుకను మిక్కిలి తెలివిగలదానిని జేసిరి. పిమ్మట అదే చికిత్స చార్లీకిని జేసిరి. ప్రజ్ఞను కొలుచు అంకె సామాన్యునకు 100 అనుకొనుడు. చార్లీకి 68 నుండి 185 వరకు పెరిగెను. కొలది నెలలలోనే అతడు తన వైద్యులను మించెను. ఇంతలో ఎలుక తెలివి తగ్గజొచ్చెను. తనకును అదే గతి పట్టునని లెక్కగట్టి తేల్చినవాడు చార్లీయే.

కథ యావత్తు అతడు వ్రాసికొనిన దినచర్య. మొదట పుటపుటకు అక్షరదోషములు. నడుమ గొప్ప పాండిత్యము. తుదకు ఒక్కొక్క తప్పే మరల తొంగిచూచును. ఆ తప్పులు కంటబడినప్పుడు చదువరికి గుండె ఝల్లుమనును. ‘అయ్యో’ యని రచయిత వేరుగ వ్రాయవలసిన పని లేదు.

తొలి చదువరులలో ఒకడు పత్రికా సంపాదకుడు. చార్లీ తెలివి నిలిచినట్లును, అతడు పెండ్లాడి సుఖపడినట్లును మార్చిన ప్రచురింతునని యాయన యనెను. కీస్ ఒప్పుకొనక వ్రాతప్రతిని వెనుకకు గొనిపోయి వేరొక పత్రిక కిచ్చెను. మరుసటి యేడు, 1960లో, ఆ కథకే హ్యూగో బహుమానము వచ్చినది. అయినను ఆ సంపాదకుని నేను తప్పు పట్టజాలను. మా యూరి గ్రంథాలయమున నాలుగు సాయంకాలములు ఈ కథను తెలుగున చెప్పితిని. మూడవనాడు ఒక ముసలమ్మ, “మళ్ళీ ఒకసారి కోసి బాగుచెయ్యలేరా నాయనా?” అని యడిగినది. సంపాదకుడు కోరినదియు అంతకంటె వేరు కాదు.

అమెరికాలో కొందరు తలిదండ్రులు ఈ నవలను పాఠశాలలనుండి తొలగింపుమనిరి. అందలి స్త్రీపురుష ప్రసంగములు పిల్లలకు తగవని వారి వాదము. దానికంటె బలమైన ఆక్షేపణ వేరొకటి కలదు: తెలివి పెరిగినప్పుడే మనిషి యైనట్లు ఈ కథ చెప్పుచున్నది కదా యని. కాని చార్లీయే తన వైద్యునితో, ఈ చికిత్సకు ముందును నేను మనిషినే యని వాదించును. అది మరచి చదివినవారు సగమే చదివినట్లు నా తలంపు.

కీస్ మందబుద్ధులగు పిల్లలకు పాఠము చెప్పినవాడు. వారిలో ఒక బాలుడు, కష్టపడి తెలివిగలవాడనైనచో నన్ను మామూలు తరగతికి పంపుదురా యని యడిగెనట. ఆ ప్రశ్నయే చార్లీకి ప్రాణము పోసినది.

నవలలో ఒక ఘట్టమున, భోజనశాలలో పనిచేయు కుర్రవాడొకడు పళ్లెములు జారవిడుచును. అందరును నవ్వుదురు. ఆ కుర్రవాడు మందబుద్ధి. నవ్వెందుకో తెలియక తానును నవ్వబోవును. తెలివిగలవాడైన చార్లీయు వారితో గలసి నవ్వి, మరుక్షణమే తన్ను తాను గుర్తించి, ఇతడును మనిషియే యని గద్దించును. అచ్చట నేను పుస్తకము మూసితిని. ఏలయనగా నా పదియవ యేట మా యూర బావినీళ్లు తోడువాడొకడుండెను. ఇసుకతో పేనిన తాడు కొని తెమ్మని మేము అణా చేతబెట్టి వానిని సంతకు పంపెడివారము. సంతయంతయు నవ్వెడిది, వాడును నవ్వెడివాడు. పొద్దుగూకిన పిమ్మట వచ్చి అణా తిరిగి యిచ్చుచు, “తాడమ్మేవాడు ఈ వారం రాలేదు బాబూ” అనెడివాడు. ఆ మాటకును మేము నవ్వితిమి. ఒక్కసారి కాదు, చాల వారములు.

ఇక తండ్రి ఘట్టము. చార్లీ తండ్రిది క్షౌరశాల. చాల యేండ్లకు కుమారుడు వచ్చి కుర్చీలో కూర్చుండగా, తండ్రి గుర్తుపట్టక తల దువ్వి పైకము పుచ్చుకొనును. కీస్ తాను చదువుకొనునాళ్లలో, ఈ చదువు నన్ను నావారినుండి వేరుచేయుచున్నదని తలపోసెనట. ఈ కథకు అదియు ఒక బీజము.

ఆ ఘట్టము చెప్పినది నాలుగవనాడు. కొడుకును దూరదేశమునకు చదువునకు పంపిన పెద్దాయన యొకరు అంతవరకు నోరు మెదపలేదు. అప్పుడు మాత్రము, “పోనీ, వాడైనా తన పేరు చెప్పుకోలేదా?” అని యడిగిరి. చెప్పలేదంటిని. “ఎంతసేపు కూర్చున్నాడు కుర్చీలో?” అని మరల యడిగిరి. క్షౌరమగువరకని చెప్పితిని. ఆయన పైపంచె దులిపి భుజమున వేసికొని, దీపమార్పకముందే ఇంటికి వెడలిపోయిరి.