పెంపుడు కుందేళ్ళకు కొత్త ఎండుమేత: తేమే అసలు ప్రశ్న

మంగంపేట పేరు వినగానే ముగ్గురాయి గనులు గుర్తుకు వస్తాయి. ఆ గనుల చుట్టూ ఓబులవారిపల్లె, కోడూరు, రాజంపేట ప్రాంతాలలో వేరుశనగ చేలు, పండ్ల తోటలు ఉన్నాయి. ఇళ్ళలో ముచ్చటగా కుందేళ్ళను పెంచుకునేవారికి చేను గట్టు గడ్డి, వేరుశనగ కట్టె సులువుగా, ఖర్చు లేకుండా దొరికే మేత. అయితే "నిన్న కోసిన గడ్డి నేడు పెట్టవచ్చునా?" అన్న ప్రశ్నకు విస్తరణ శాస్త్రవేత్తలు సాధారణంగా ఆవులు, గేదెలను దృష్టిలో ఉంచుకొని సమాధానం చెబుతుంటారు. కుందేలుకు ఆ సమాధానం చాలదు.

కుందేలు జీర్ణవ్యవస్థ ప్రత్యేకత

కుందేలు నెమరువేయదు. పీచు పదార్థం సీకం అనే పెద్ద అంధనాళంలో సూక్ష్మజీవుల వలన పులుస్తుంది. అక్కడ తయారైన మెత్తని పెంటికలను కుందేలు తిరిగి తిని పోషకాలను గ్రహిస్తుంది. అది వాంతి చేసుకోలేదు. కనుక పాడైన మేత ఒకసారి కడుపులో చేరితే బయటికి వచ్చే దారి లేదు. మేత హఠాత్తుగా మారినా, పులిసిన మేత తిన్నా సూక్ష్మజీవుల సమతౌల్యం చెడి ఉబ్బరం, విరేచనాలు, పేగుల కదలిక ఆగిపోవడం సంభవిస్తాయి. జీవితాంతం పెరిగే పళ్ళు అరగడానికి కూడా పీచు గల ఎండుమేత అవసరమే. అందువలన మేత మానిపించడం పరిష్కారం కాదు, దానిని సరిగా ఎండబెట్టడమే పరిష్కారం.

పచ్చిమేతకు, ఎండుమేతకు నడుమ

శుభ్రమైన పచ్చిగడ్డిని కోసిన వెంటనే కొద్దికొద్దిగా అలవాటు చేస్తే కుందేలు అరిగించుకోగలదు. పూర్తిగా ఎండిన గడ్డి మరింత క్షేమం. ప్రమాదమంతా ఈ రెండింటి నడుమ, సగం ఎండిన దశలో ఉంది. కోసిన తరువాత కూడా మొక్క కణాలు కొంతకాలం శ్వాసిస్తాయి. ఆ గడ్డిని కుప్పగా వేస్తే వేడెక్కి, పులిసి, బూజు పడుతుంది. యంత్రంతో ముక్కలు చేసిన పచ్చిగడ్డి కుప్ప మరింత త్వరగా చెడుతుంది.

80 శాతం తేమ గల 100 కిలోల పచ్చిగడ్డిలో ఘనపదార్థం 20 కిలోలు మాత్రమే. 15 శాతం తేమకు ఎండితే మిగిలేది సుమారు 23.5 కిలోలు. అంటే 76 కిలోలకు పైగా నీరు ఆవిరి కావాలి. ఎన్ని రోజులు ఎండబెట్టామన్నది కాక, ఎంత తేమ మిగిలిందన్నదే ప్రమాణం.

వేరుశనగ కట్టెతో జాగ్రత్త

ఖరీఫ్ వేరుశనగ పీకే కాలం, ఈశాన్య రుతుపవనాల కాలం ఈ ప్రాంతంలో ఒకటే. 2021 నవంబరు 19న చెయ్యేరుపై అన్నమయ్య జలాశయం కట్ట తెగిన వరద ఈ కాలపు వానల తీవ్రతకు నిదర్శనం. పనలు తడిసి మళ్ళీ ఎండినప్పుడు పైకి బాగానే కనిపించవచ్చు. కానీ ఏరకుండా వదలిన కాయలలో, లోపలి ఆకులలో ఆస్పర్‌జిల్లస్ బూజు పెరిగితే అఫ్లటాక్సిన్ చేరుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళ మరణానికి ఈ విషం గల వేరుశనగ పిండే కారణమని తేలింది. నెమరువేసే పశువుల కన్నా కుందేలు దీనికి ఎంతో సున్నితం. మళ్ళీ ఎండబెడితే బూజు ఆగవచ్చు గాని విషం పోదు. కనుక వానకు తడిసి బూజు వాసన వచ్చే కట్టెను కుందేలుకు పెట్టరాదు.

వేరుశనగ కట్టెలో సున్నం కూడా అధికం. కుందేలు మేతలోని సున్నాన్ని ఎక్కువగా గ్రహించి, మిగులును మూత్రం ద్వారా విసర్జిస్తుంది. అందువలన పెద్ద కుందేళ్ళకు గడ్డిజాతి ఎండుమేతే ప్రధానంగా ఉండి, కట్టె కొద్దిపాటిగా ఉండడం మంచిది.

పాటించవలసిన పద్ధతి

• తిక్క ఆకుమచ్చ తెగులుకు ఇటీవల మందు చల్లిన చేని కట్టెను, కలుపు మందు కొట్టిన తోటల గడ్డిని వాడరాదు.
• ఖనిజం లారీలు తిరిగే దారి పక్కన దుమ్ము పట్టిన గడ్డిని కోయరాదు. దుమ్ము శ్వాసకోశానికి హాని చేస్తుంది.
• బెట్టకు గురైన లేత జొన్నలో, కోసిన మోళ్ళ పిలకలలో నాము విషం ఉంటుంది. వాటిని పచ్చిగా పెట్టరాదు.
• కట్టె వేళ్ళను కత్తిరించి, మట్టి దులిపి, పలుచగా పరచాలి. ఆకు రాలకుండా ఉదయం మంచు తడి ఉండగానే తిరగవేయాలి.
• గాజు సీసాలో గుప్పెడు తరిగిన మేత, చెంచా పొడి ఉప్పు వేసి మూతపెట్టి కొన్ని నిమిషాలు ఊపాలి. ఉప్పు ముద్దకడితే తేమ ఇంకా ఎక్కువని అర్థం.
• వామి వేసిన తొలి రోజుల నుండే మూడు, నాలుగు వారాల పాటు తరచుగా లోపలికి చేయి పెట్టి చూడాలి. వెచ్చగా తగిలితే విప్పి ఆరబెట్టాలి. బూజు కనిపించిన మేతను కుందేలుకు వాడరాదు.
• కొత్త మేతను 7 నుండి 10 రోజులలో పాతదానితో కలుపుతూ క్రమంగా పెంచాలి. పాలు మాన్పిన పిల్లల విషయంలో మరింత నెమ్మది అవసరం.

కుందేలు మేత మానినా, పెంటికలు రాకపోయినా 12 గంటలకు మించి వేచి ఉండక పశువైద్యుని సంప్రదించాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు గ్రామాలలో ఎండుమేత తయారీని వివరించేటప్పుడు ఉప్పు పరీక్షను చేసి చూపడం మేలు. రైతుకు అవసరమైనది ఒక సీసా, గుప్పెడు గడ్డి మాత్రమే. ఆ కొద్దిపాటి శ్రమ వామి పాడవకుండా కాపాడుతుంది, ఇంట్లో ముచ్చటగా పెంచుకునే ప్రాణిని కూడా కాపాడుతుంది.