పసులకొట్టములోని పిడుదు



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము మిక్కిలి చిన్న ప్రాణిని గూర్చినది. ప్రాణి చిన్నదేకాని యది చేయు చెఱుపు చిన్నది కాదు. పిడుదు అనియు, గోమారి అనియు మన యిండ్లలో పిలువబడు నీ పురుగు పశువుల చెవులలోను, గంగడోలు మడతలలోను, పొదుగు పైనను, తోక మొదటను నంటుకొని యుండుట మీరెల్లరు నెఱిగినదే. నిండుగ నెత్తురు త్రాగిన పిడుదు ఆముదపు గింజవలె నుండును. లాటిను భాషలో పిడుదునకును ఆముదపు గింజకును ఒక్కటే పేరు. ఏ దేశమునందైనను చూచినవారి కన్ను ఒక్క తీరుననే చూచినదన్నమాట.

ఈ పురుగును గూర్చి నేను మొదట గ్రంథములు చూచి నేర్చుకొనలేదు. నా తప్పు వలన నేర్చుకొంటిని. ఆ తప్పును ముందుగా మనవి చేసికొందును.

నా మేనల్లుడొకడు అప్పుచేసి సంకరజాతి యావు నొకదానిని కొనెను. ఆషాఢ మాసము. తొలకరి జల్లులు పడుచున్నవి. "మామయ్యా, పాత కొట్టము గోడ నెఱ్ఱెలలో పిడుదులు మెండుగా నున్నవి. క్రొత్త యావు నందు గట్టవచ్చునా?" యని వాడు నన్నడిగెను. "ఓరీ, తాతల నాటినుండి పిడుదు లేని గొడ్డెక్కడ నున్నదిరా? మన పాత యావులు వానితోడనే బ్రదుకుచున్నవి గదా! కట్టుము" అని నేనంటిని. ఇరువది దినములు గడవకమునుపే యావునకు కాక పుట్టెను. మేత మానెను, పాలు తగ్గెను, భుజము ముందఱ బిళ్ల నిమ్మకాయంత లేచెను. దృష్టి తగిలినదని యిరుగుపొరుగువారనిరి. వేపరొట్ట గట్టి, దిగదుడిచి, రెండు దినములు గడపితిమి. ఆ రెండు దినములు గడపుమన్నవాడను నేనే. మూడవనాడు పశువైద్యుడు వచ్చి చెవినరము నుండి నెత్తురు బొట్టు దీసి సూక్ష్మదర్శినిలో జూచి, "ఇది పిడుదుల వలన వచ్చిన జ్వరము, మొదటి దినముననే పిలిచియుంటిరేని బ్రదికించుట కవకాశ ముండెడిది" అని చెప్పెను. ఆ రాత్రి యావు చనిపోయెను. దూడ యఱపులు మూడు దినములు వింటిమి. అప్పు మాత్రము వడ్డీతో మిగిలెను.

అదే కొట్టములో నదే రాటకు గట్టిన పాత యావులకేమియు గాలేదు. ఇది యెట్లు జరిగెను? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొన్నచో పిడుదుల సంగతి చాలభాగము తెలిసినట్లే.

పిడుదు ఈగవంటిది గాదు, దోమవంటిది గాదు. రెక్కలు లేవు, ఎగురజాలదు, గంతువేయజాలదు. ఇది సాలెపురుగు, తేలు మొదలగు వాని కులములోనిది. ఎదిగిన దానికి ఎనిమిది కాళ్లు. గ్రుడ్డునుండి యప్పుడే వెడలిన పిల్లకు ఆఱు కాళ్లు. కడుపునిండిన యాడుపిడుదు పశువును విడిచి నేలకు జారి, చెత్తలోనో, గడ్డి మొదళ్లలోనో, గోడ నెఱ్ఱెలోనో దూరి, రెండు మూడు వేల గ్రుడ్లు పెట్టి తాను చచ్చును. పిల్లలు ఆవగింజకంటెను చిన్నవి. అవి గడ్డిపోచల కొనలకెక్కి ముందుకాళ్లు చాచి కాచుకొని యుండును. ఆ ముందుకాళ్లయందే వాని ఘ్రాణేంద్రియము గలదు. పశువు విడుచు నూపిరిని, దాని యొంటి వేడిమిని పసిగట్టి, అది రాచుకొని పోవునపుడు పట్టుకొనును. మేత లేకయు వారములకొలది, చల్లని తేమచోట్ల నెలలకొలదియు నవి వేచియుండగలవు.

మన పశువులను బట్టు పిడుదులలో ముఖ్యముగా రెండు తీరులవి గలవు. మొదటి తీరుది పిల్లగా నొక పశువు నెక్కి, ఇంచుమించు మూడు వారములు దానిమీదనే పెరిగి, నిండుగ త్రాగి క్రిందికి దిగును. రెండవ తీరుది త్రాగిన పిమ్మట దిగి, గోడ నెఱ్ఱెలలో దాగి, కుబుసము విడిచి, మరల నెక్కును. మా కొట్టములోని విరోధి యీ రెండవదియే. మొదటిది పచ్చికబయలు నాశ్రయించును. రెండవది మన గోడలనే కాపురముగా జేసికొనును.

పిడుదు త్రాగు నెత్తురు నష్టమే. బలిసిన యాడుపిడుదొకటి సుమారు అర మిల్లీలీటరు నెత్తురు త్రాగుననుకొన్నను నూఱు పిడుదులు ఏబది మిల్లీలీటరులు త్రాగును. దూడ చిక్కుటకును, పాడి తగ్గుటకును, తోలు తూట్లుపడుటకును నిది చాలు. కాని యంతకంటె పెద్ద నష్టము మఱియొకటి గలదు. పిడుదు ఒక పశువు నెత్తురునుండి రోగక్రిములను గ్రహించి వేఱొక పశువున కెక్కించును. మూత్రము కాఫీవలె ఎఱ్ఱగా పోవు జ్వరమొకటి. భుజము ముందఱి బిళ్లలు వాచు జ్వరమొకటి. నెత్తురు విరిగి కన్నులు పాలిపోవు జ్వరమొకటి. ఈ మూడును మన దేశములో పశువులను జంపుచున్నవి.

ఈ రహస్యము మొదట బయటపడినది అమెరికా దేశమున. అక్కడి దక్షిణభాగమునుండి పశువుల మందలను ఉత్తరమునకు తోలునపుడు, తోలబడిన మందలు ఆరోగ్యముగానే యుండ, అవి నడచిన త్రోవలో మేసిన ఉత్తరపు పశువులు గుంపులుగా జచ్చెడివి. పిడుదులే కారణమని పశువులకాపరులు చిరకాలమునుండి యనుచుండిరి, పండితులు నవ్విరి. థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అను నిరువురు శాస్త్రజ్ఞులు మాత్రము కాపరుల మాటను పరీక్షింపబూనిరి. దక్షిణపు పశువుల యొంటినుండి పిడుదులను చేతితో నేరివేసి ఉత్తరపు పశువులతో నొక దొడ్డిలో నుంచిరి, రోగము రాలేదు. పశువులు లేకయే పిడుదులను మాత్రము వేఱొక దొడ్డిలో చల్లిరి, రోగము వచ్చెను. రోగక్రిమి తల్లిపిడుదునుండి గ్రుడ్ల ద్వారమున పిల్లలకును సంక్రమించుననియు గనిపెట్టి 1893లో ప్రకటించిరి. తరువాత నాలుగేండ్లకు 1897లో మన సికిందరాబాదునందు రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని జూచెను. చదువురాని కాపరి మాటను చదివినవారు చెవినిబెట్టుట వలన నెంత మేలు కలిగెనో చూడుడు!

ఇపుడు నా మేనల్లుని యావు సంగతి తేటపడును. పాత నాటుపశువులు దూడనాటినుండి పిడుదులతో మెలగి, రోగక్రిములను తమ నెత్తుట నడచియుంచుకొన్నవి. అవి రోగము చూపవు. కాని క్రిములు వానిలో నున్నవి. పిడుదు వాని నెత్తురు త్రాగి దిగి, గోడలో కుబుసము విడిచి, మరల నెక్కునపుడు క్రొత్త యావు దొరికెను. ఆ యావు జాతికిని, పెంపకమునకును నీ క్రిమి క్రొత్తది. "మన పశువులకేమి కాలేదు" అని నేను చూపిన నిదర్శనమే అపాయమునకు మూలమయ్యెను. పూర్వానుభవము మంచిదే, కాని పశువు మాఱినపుడు అనుభవమును మరల పరీక్షించుకొనవలెను.

నివారణోపాయములు చెప్పెదను. పిడుదును మూడు చోట్ల నెదిరింపవలెను: పశువు నొంటిమీద, కొట్టములో, పెరటిలోను బీటిలోను. ఒక్కచోట మాత్రమే పోరాడినచో రెండుచోట్లనుండి మరల వచ్చును.

మొదట పశువు నొడలు. దినమున కొకసారి చెవులు, గంగడోలు, తొడల సందులు, పొదుగు, తోక క్రింద తడిమి చూడవలెను. కనబడినవానిని ఏరి, కిరసనాయిలు పోసిన చిప్పలో వేయవలెను. నేలపై పాఱవేసినచో నది గ్రుడ్లు పెట్టును. వట్టి వ్రేళ్లతో నలిపినచో దాని నెత్తురు మన చేతులకంటును. పిడుదులు మెండైనపుడు పశువైద్యుని యడిగి మందు వాడవలెను. డెల్టామెత్రిన్, ఫ్లూమెత్రిన్, అమిట్రాజ్ మొదలగు మందులు నీట కలిపి యొడలెల్ల తడియునట్లు పూయుదురు. కొలత తప్పరాదు. ఎక్కువైనచో విషము, తక్కువైనచో బలహీనములగు పిడుదులు చచ్చి బలవంతములు మిగిలి, వాని సంతతి ఆ మందునకు లొంగకపోవును. పుండ్లున్నచోట పూయరాదు. నాకకుండ జూడవలెను. మందు వాడిన పిమ్మట ఎన్ని దినములు పాలు వాడరాదో వైద్యునడిగి యట్లే చేయవలెను. ఒక్కసారి పూసి యూరకుండరాదు. నేలలోని గ్రుడ్లు తరువాత పొదుగును. కావున వైద్యుడు చెప్పిన గడువున మరల పూయవలెను. వేపగింజల కషాయము పిడుదుల వృద్ధిని కొంత యడ్డును. కాని మెండుగా బట్టినపుడు అదొక్కటే చాలదు.

రెండవది కొట్టము. గోడల నెఱ్ఱెలను, రాటల మొదళ్ల బొక్కలను సున్నముతోనో, సిమెంటుతోనో పూడ్చి, గోడలకు సున్నము వేయవలెను. గాడి క్రింది చెత్తను, పాతగడ్డిని ఊడ్చి గోతిలో కాల్చవలెను. పేడ దినదినము ఎత్తవలెను. వైద్యుడు చెప్పిన మందును గోడ నెఱ్ఱెలలోగూడ చల్లినగాని రెండవ తీరు పిడుదు చావదు. కోళ్లు నేలమీది పిడుదులను పొడిచి తినును. కాని మందు చల్లిననాడు వానిని రానీయరాదు.

మూడవది పెరడును, బీడును. దడుల వెంట గడ్డి కొడవలితో కోసి యెండ తగులునట్లు చేయవలెను. పిడుదు పిల్లకు ఎండయు, పొడినేలయు మృత్యువులు. ఒక్క బీటిలోనే యేడాది పొడవున మేపక మార్చి మేపవలెను. సంతనుండి తెచ్చిన పశువును తక్షణమే మందలో గలుపక, వేఱుగ గట్టి, పిడుదులు లేవని తెలిసిన పిమ్మటనే కలుపవలెను. సంకరజాతి పశువులకు బిళ్లల జ్వరము రాకుండ టీకా గలదు, వైద్యునడిగి వేయింపుడు.

చేయరాని పనులు కొన్ని గలవు. పైరులకు జల్లు పురుగుమందును పశువునకు పూయరాదు. పూసి పశువును జంపుకొన్నవారు గలరు. కిరసనాయిలుతో నొడలు తుడువరాదు, చర్మము పొక్కును. కాగడాతో గోడలు కాల్చబోయి యింటికప్పు నంటించుకొనరాదు.

ఇంటి కుక్కను మఱవకుడు. దానిని బట్టు గోధుమరంగు పిడుదు గోడలెక్కి, తలుపుచట్రముల వెనుక గ్రుడ్లు పెట్టును. కుక్కకు మాత్రము మందు వేసి అది పండుకొను చోటును విడిచినచో ఫలముండదు.

మనుష్యుల సంగతియు రెండు మాటలు. పిడుదు మనుష్యునంటినచో నిప్పుపెట్టుట, నూనె పోయుట తగదు. ముల్లు దీయు శ్రావణముతో చర్మమునకు దగ్గఱగా బట్టి, మెలిద్రిప్పక నిట్టనిలువుగా లాగి, సబ్బుతో కడుగవలెను. పిదప కొలదిదినములలో జ్వరమో, దద్దురులో వచ్చినచో వైద్యునితో పిడుదు కఱచినదని తప్పక చెప్పవలెను. కన్నడదేశమున షిమోగా మండలమందలి క్యాసనూరు అడవిలో 1957లో కోతులు చచ్చి, పిమ్మట మనుష్యులకు ఘోరజ్వరము వచ్చినది పిడుదుల వలననే. గుజరాతులో 2011లో కనబడిన మఱియొక జ్వరము పిడుదు కాటు వలనను, రోగపశువు నెత్తురు వలనను నంటును. మన పెరటి పిడుదును జూచి యిదియే యని బెదరనక్కఱలేదు; కాని వట్టిచేతులతో నలుపరాదనుట కిది చాలిన కారణము.

కడపట నొక్క మనవి. అమెరికావారు 1906లో మొదలుపెట్టి, ఊరూర పశువులన్నిటిని గడువు తప్పక మందునీట ముంచి, 1943 నాటికి మెక్సికో సరిహద్దు తప్ప దేశమంతట నా జ్వరపు పిడుదును రూపుమాపిరి. ఒక్కడు చేసి పొరుగువాడు మానినచో నిది సాగియుండదు. మన యూళ్లలోను బీడు ఉమ్మడిది, చెఱువుగట్టు ఉమ్మడిది, పిడుదును ఉమ్మడిదే. మన పెద్దలు కాలమును ముందే యేర్పఱచి యున్నారు. ఏరువాక పున్నమినాడు పశువులను గడిగి పూజింతుము. ఆనాడే ఊరి పశువులన్నిటిని తడిమి చూచి, వైద్యుని పిలిపించి మందు పూయింపుడు. కనుమనాడు కొట్టములు శుభ్రము చేయుదుము. ఆనాడే నెఱ్ఱెలు పూడ్చి సున్నము వేయింపుడు. పూజయు నిలుచును, పశువును నిలుచును.

పిల్లలు వచ్చి మనలను సలహా యడిగినపుడు "తాతల నాటినుండి యున్నదే" యని త్రోసివేయకుడు. నేనట్లు త్రోసివేసితిని. ఆ యప్పును నా మేనల్లుడు రెండేండ్లు తీర్చెను. వాడు నన్నొక్క మాటయైన ననలేదు. అందువలననే నేనీ మాట మీకందఱకు జెప్పవలసి వచ్చెను.

సెలవు.