పేరున్న బంట్లు

చదరంగంలో బంటు చస్తే పెట్టెలో పడేస్తాం. దాని కోసం కన్నీళ్లు పెట్టినవాడు లేడు. గోదావరి పల్లెల్లో వీధరుగుల మీద, గుడి మండపాల బండల మీద గీసుకుని ఆడిన పులిజూదంలోనూ అంతే. 3 పులులు, 15 మేకలు. మేక అంటే ఓ చింతగింజ. పులి దాని మీంచి దూకితే గింజ పక్కకి పోతుంది, చేతిలోంచి ఇంకోటి పడుతుంది. ఏ గింజ పోయిందన్నది ఎవరికీ పట్టదు, ఎన్ని పోయాయన్నదే లెక్క.

ఈ లెక్కను తిరగరాసినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు షోజో కాగా. జపాన్‌లోని క్యోటోలో నింటెండోకి ఆటలు చేసిపెట్టే ఇంటెలిజెంట్ సిస్టమ్స్ అనే సంస్థలో పనిచేసేవాడు. ఆ సంస్థ 1988లో 'ఫామికామ్ వార్స్' అనే యుద్ధపుటాట చేసింది. అందులో ట్యాంకులు, ఫిరంగులు, సైనికులు గుంపులు గుంపులుగా పుడతారు, చస్తారు, డబ్బుంటే మళ్లీ పుడతారు. అప్పటికే జపాన్‌లో 'డ్రాగన్ క్వెస్ట్' లాంటి కథాత్మక ఆటల మీద జనం వెర్రెక్కిపోయి ఉన్నారు. కాగా ఈ రెంటినీ ముడివేశాడు. గళ్ల మీద వ్యూహం ఉండాలి, కానీ గడిలో నిలబడ్డ ప్రతివాడికీ పేరుండాలి, ముఖముండాలి, వెనక ఒక కథ ఉండాలి. గేమ్ బాయ్ సృష్టికర్త గుంపే యొకోయ్ నిర్మాతగా పెద్దరికం వహించాడు, యుకా త్సుజియోకో సంగీతం కట్టింది. 1990 ఏప్రిల్ 20న 'ఫైర్ ఎంబ్లెమ్' మొదటి ఆట విడుదలైంది.

ఆ ఆట నడిచిన యంత్రాన్ని ఇవాళ తలుచుకుంటే నవ్వొస్తుంది. ఫామికామ్ 1983 నాటి 8-బిట్ పెట్టె. దాని సొంత జ్ఞాపకశక్తి 2 కిలోబైట్లు, అంటే ఈ వ్యాసంలో ఒక పేరా పట్టేంత. అందులోకి 52 మంది యోధుల్ని దించారు. ఒక్కొక్కరికీ బలం, నేర్పు, వేగం, అదృష్టం, కవచపు గట్టితనం అని వేరువేరు అంకెలు. మెట్టు ఎక్కినప్పుడల్లా వాటిలో ఏది పెరుగుతుందో పాచిక వేసినట్టే, ముందు తెలియదు. కత్తికి కూడా ఆయుష్షుంది, ఇన్ని దెబ్బలకని అరిగి విరుగుతుంది. ఇదంతా రేపటికి గుర్తుండాలి కాబట్టి కేసెట్‌లోనే చిన్న బ్యాటరీ అమర్చారు.

కథ మనకు కొత్తదేం కాదు. రాజ్యం పోగొట్టుకున్న యువరాజు మార్త్, అతని వెంట నడిచే కొద్దిమంది, అవతల చీకటి డ్రాగన్. కొత్తదల్లా ఆడేటప్పుడు కలిగే బెంగ. వంతెన మీద ఇరుకు దారి ఉందనుకోండి. దట్టమైన కవచం తొడుక్కున్న డ్రాగ్‌ని అక్కడ నిలబెడితే శత్రువులు ఒకరొకరుగా రావలసిందే. వెనకనుంచి విలుకాడు గోర్డిన్ బాణాలు వేస్తాడు. అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా పక్కనుంచి ఓ గుర్రపు రౌతు చుట్టి వచ్చి గోర్డిన్ మీద పడతాడు. తప్పు ఒక్క గడిది. గోర్డిన్ నాలుగు మాటలు చెప్పి కన్నుమూస్తాడు. తరవాతి అధ్యాయంలో ఉండడు, ఆట చివరికంటా ఉండడు. ముగింపు దగ్గరపడ్డాక 'ఓమ్' అనే మంత్రదండం ఒకటి దొరుకుతుంది గానీ దానితో బతికించగలిగేది ఒక్కరినే, అదీ ఒక్కసారే.

ఒకరు పోయినా కథ ఆగకుండా సాగిపోవాలనే 52 మందిని ఇచ్చారు. ఆడేవాళ్లలో మాత్రం చాలామంది అలా సాగనివ్వలేదు. మనవాడు పోగానే రీసెట్ బొత్తాం నొక్కి అధ్యాయం మొదటికి వెళ్లారు. గంటసేపటి శ్రమ నేలపాలైనా సరే, గోర్డిన్ బతకాలి. నా లెక్కలో ఈ ఆట గెలుపంతా ఆ రీసెట్ బొత్తాంలోనే ఉంది. చింతగింజ కోసం ఎవరూ ఆటను మొదటికి తీసుకెళ్లరు. మొదట్లో అమ్మకాలు మందకొడిగానే సాగాయి. ఆడినవాళ్లు ఒకరికొకరు చెప్పుకోవడం వల్ల, పత్రికలు రాయడం వల్ల ఆట నిలదొక్కుకుంది.

ఆ ఏళ్లలో రాజమండ్రిలోనో భీమవరంలోనో పిల్లలకు వీడియో గేమ్ అంటే ఇదే ఫామికామ్‌కి చౌక నకలు. టీవీకి తగిలించి, '9999 ఇన్ 1' అని రాసున్న కేసెట్ దూర్చి, మారియో, కాంట్రా, బాతుల వేట. 9999లో అసలు ఆటలు పదో ఇరవయ్యో, తక్కినవన్నీ వాటికే మారుపేర్లు. ఆ పెట్టె ఈ ఆటకు దూరపు చుట్టమే అయినా ఇద్దరూ కలిసే అవకాశం తక్కువ. చౌక కేసెట్లలో బ్యాటరీ ఉండదు, కరెంటు పోతే అంతా పోయినట్టే. పైగా ఆటంతా సంభాషణలే, అవన్నీ జపనీస్‌లో.

తరవాతి దశాబ్దాన్ని గబగబా దాటేయవచ్చు. ఈ వరసలో 1996 నాటి ఆటలో కత్తి గొడ్డలిని, గొడ్డలి బల్లేన్ని, బల్లెం కత్తిని మించుతుందన్న ముక్కోణం వచ్చింది. 1999లో కాగా సంస్థ వదిలి వెళ్లిపోయి, 2001లో ప్లేస్టేషన్‌కి దాదాపు అలాంటి ఆటే చేశాడు. నింటెండో కోర్టుకెక్కింది. కాపీహక్కు ఉల్లంఘన కాదని తేలినా, అనుచిత పోటీ కింద ప్రచురణకర్త దాదాపు 7.6 కోట్ల యెన్లు కట్టవలసి వచ్చింది. అదే 2001లో నింటెండో వీరులందరూ కలబడే 'స్మాష్ బ్రదర్స్'లో మార్త్, ఈ వరసలోనే మరో వీరుడు రాయ్ కనిపించారు. ఎవరీ కత్తివీరులని బయటి దేశాలవాళ్లు ఆరా తీశారు. 2003లో గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద ఈ వరస తొలిసారి ఇంగ్లీషులో వచ్చింది. కంప్యూటర్‌లో గేమ్ బాయ్‌ని అనుకరించే ఎమ్యులేటర్ల పుణ్యమా అని మన ఇంజనీరింగ్ హాస్టళ్లలోకి కూడా పెన్ డ్రైవుల్లో చేరగలిగింది. అది సక్రమమైన దారేం కాదు.

గేమ్ బాయ్ అడ్వాన్స్ ఆటల్లో ఒక గమ్మత్తుంది. దెబ్బ తగిలే అవకాశం 90 శాతం అని తెర చెబుతుంది. లెక్క ప్రకారం నూటికి పదిసార్లు గురి తప్పాలి. కానీ యంత్రం 0 నుంచి 99 లోపు ఒక అంకె కాదు, రెండు అంకెలు తీస్తుంది. వాటి సగటు 90కి తక్కువైతే దెబ్బ తగిలినట్టే. సగటు 90కి చేరాలంటే రెండూ పెద్దవే పడాలి. మొత్తం 10,000 జతల్లో అలాంటివి 190 మాత్రమే. అంటే తెర మీది 90 నిజానికి 98.1. అటువైపు శత్రువుకి 10 అని చూపిస్తే అసలుది 2.1. తొంభై అంటే 'ఖాయం' అనుకునే మనిషి మనసుకు తగ్గట్టు యంత్రమే అబద్ధం ఆడుతోందన్నమాట. ఆ అబద్ధం లేకపోతే ఆటను గోడకేసి కొట్టేవాళ్లు ఎక్కువయ్యేవారు.

చావు విషయంలో తయారీదారులే తడబడిన సందర్భాలున్నాయి. 2008లో మొదటి ఆటను కొత్తగా చేసినప్పుడు, సైన్యం 15 మందికి తగ్గితేనే తెరుచుకునే అదనపు అధ్యాయాలు పెట్టారు. మనుషుల్ని పోగొట్టుకున్నవాడికి ఓదార్పుగా అనుకున్నది కాస్తా, ఆ అధ్యాయాలు చూడటానికి సొంతవాళ్లను కావాలని బలిచ్చే పనిగా మారింది. 2010లో 'క్యాజువల్' పద్ధతి తెచ్చారు. పడిపోయినవాడు తరవాతి అధ్యాయంలో లేచి వస్తాడు. పాతకాపులు అపచారమన్నారు. నాకు ఆ కోపం అర్థం కాదు, వాళ్లూ ఇరవయ్యేళ్లుగా రీసెట్ నొక్కినవాళ్లేగా. 2012 నాటి 'అవేకెనింగ్' రెండున్నర లక్షలు అమ్ముడుపోకపోతే ఈ వరస మూసేయాలని సంస్థలో అనుకున్నారు. క్యాజువల్ పద్ధతి ఉన్న ఆ ఆట ప్రపంచమంతా 20 లక్షలు దాటింది. 2017లో 'ఎకోస్' కాలాన్ని వెనక్కి తిప్పే చక్రాన్నే కథలో పెట్టి రీసెట్ బొత్తానికి రాజముద్ర వేసింది.

2019లో వచ్చిన 'త్రీ హౌసెస్' మరో దారి పట్టింది. ఒక మఠంలో మూడు తరగతుల పిల్లలు, మనం పంతులం. ఒక తరగతిని ఎంచుకుని పాఠాలు చెబుతాం, మిగతా రెండు తరగతుల పిల్లలతో కూడా టీ తాగుతాం, పుట్టినరోజులకు పూలు పంపుతాం. యుద్ధం వస్తుంది, ఐదేళ్లు గడిచాక మనతో చేరని పిల్లలు ఎదురు పక్షంలో నిలబడతారు. క్యాజువల్ పద్ధతి మనవాళ్లనే బతికిస్తుంది. కాలాన్ని వెనక్కి తిప్పినా ఎదుట ఉన్నది వాళ్లే, గెలవాలంటే దారి వాళ్ల మీదుగానే.