గాలిని నీటిలో దాచిన దీవి

స్పెయిను దేశపు ఏలుబడిలోని కానరీ దీవులు ఆఫ్రికా ఖండమునకు పడమట అట్లాంటికు మహాసముద్రమున నున్నవి. వానిలో మిక్కిలి పశ్చిమమున నున్నది ఎల్ యెర్రో. గ్రీనిచ్చి రేఖ యేర్పడుటకు చాలకాలము పూర్వము, 1634వ సంవత్సరమున, ఫ్రాన్సు రాజగు 13వ లూయీ రేఖాంశములను ఈ దీవినుండియే లెక్కింపవలెనని శాసించెను. భూగోళము చదువువారికి దానిపేరు అందువలన పరిచితమే. నేడు దానిని గూర్చి తెలిసికొనదగిన విషయము వేఱొకటి కలదు.

అచ్చట సుమారు 11,000 మంది జనులు నివసించుచున్నారు. చుట్టును లోతైన సముద్రము. ఇతర దీవులనుండి విద్యుత్తంతులు లేవు. కావున చిరకాలము ఓడలలో వచ్చు డీసెలు నూనెను కాల్చియే విద్యుచ్ఛక్తిని పుట్టించుకొనిరి. ఉప్పునీటిని మంచినీరుగా మార్చు యంత్రములకును ఆ శక్తియే యాధారము. నూనె నిండుకొన్నచో దీపములే గాక ఆ యంత్రములును నిలిచిపోవును.

గాలి మాత్రము అచ్చట సమృద్ధిగా వీచును. అయితే గాలి మన గడియారమును చూచి వీచునది కాదు. అర్ధరాత్రి వీచిన గాలిని మఱునాటి సాయంకాలమున కెట్లు దాచవలెను? అందులకై వారు చల్లారిన యగ్నిపర్వత బిలము నొకదానిని జలాశయముగా మార్చి, దిగువను సముద్రతీరమునకు చేరువగా మఱియొక జలాశయమును కట్టిరి. మొత్తము 11.5 మెగావాట్ల శక్తిగల గాలిమరలను 5 నిలిపిరి. గాలి మిగిలినపుడు దిగువనీటిని పైకి తోడుదురు. చాలనపుడు ఆ నీటినే గొట్టములగుండ క్రిందికి విడిచి చక్రములను త్రిప్పుదురు. ఇది 2014లో ప్రారంభమయ్యెను. నీటిని తిరిగి పైకి తోడగల యంత్రములు మన శ్రీశైలము ఎడమగట్టున గూడ 6 నెలకొల్పబడినవి. ఒక్కొక్కటి 150 మెగావాట్లది.

పై తరగతుల విద్యార్థులారా, ఇచ్చట నొక లెక్క చేయుదము. ఒక ఘనమీటరు నీరు దాదాపు 650 మీటర్లు దిగినచో లభించు శక్తి సుమారు 1.77 యూనిట్లు. దిగువ జలాశయమున పట్టు నీరు రమారమి 1,50,000 ఘనమీటర్లు. గుణించిన 2,65,000 యూనిట్లు వచ్చును. యంత్రములలో పోవు నష్టమును తీసివేసిన ఇంకను తక్కువ. దీవివారు దినమునకు వాడుకొనునది లక్ష యూనిట్లకు పైచిలుకు. అనగా ఉన్న నిలువ యించుమించు రెండు దినములకే! ఎగువ బిలము పెద్దదే గాని, దిగివచ్చిన నీరు నిలుచుటకు చోటు కావలెను గదా.

2019 జూలై, ఆగస్టు నెలలలో, వ్యాపార పవనములు బలముగా వీచు కాలమున, 24 దినములకు పైగా నూనెచుక్క కాల్చకయే దీవియంతయు నడచెను. శరత్కాలమున గాలి దినముల తరబడి మందగించును. 2018వ సంవత్సరము మొత్తముమీద గాలియు నీరును సమకూర్చినది నూటికి 56 పాళ్లు. నూనెను బొత్తిగా మానివేయుదురని దేశదేశముల పత్రికలు ముందుగా వ్రాసియుండుటచే, కొందఱు దీనిని వైఫల్యమనిరి. మే మట్లు తలంపము. ఓడలలో వచ్చు నూనెలో సగము తగ్గుట అల్పవిషయము కాదు. అయినను ఇట్టి పనికి పూనుకొనువారు సంవత్సరపు సగటుగాలిని గాక, గాలి లేని మిక్కిలి చెడ్డవారమును ముందుగా కొలిచి చూచుకొనవలెను. అందులకే పాత డీసెలు కేంద్రమును వారు మూసివేయలేదు.

ఈ గాలిమరలను నడపు సంస్థలో అధికభాగము దీవి పాలకసభదే. నూనె కొనుటకై బయటికి పోవుచుండిన ధనములో కొంత యిట్లు దీవియందే నిలుచుచున్నది.