ఇస్సాకు బావులు, మన బోర్లు

బొగ్గు తరిగిపోవునది, నీరు తిరిగి వచ్చునది అని మన పిల్లలు బడిలో చదువుచున్నారు. సింగరేణిలో ఒకసారి తవ్విన బొగ్గు మరల పుట్టదు. నీరైతే ఏటేటా వానతో వచ్చును. అయినను అనంతపురం ప్రాంతపు పల్లెల్లో నీరు కూడ బొగ్గువలెనే అయిపోవుచున్నదని మేము చెప్పవలసి వచ్చుచున్నది.

లెక్క చూడండి. అక్కడ ఏటా సగటున పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. రాతినేలలో అందులో లోనికి ఇంకునది ఇంచుమించు పదియవ వంతే. (దశమభాగమిచ్చుటకు వెనుకాడు మనకు నేల ఇచ్చునదియు దశమభాగమే!) వరి పంటకు వెయ్యి మిల్లీమీటర్లకు పైగా కావలెను. అనగా ఒక ఎకరము వరి, పద్దెనిమిది ఎకరాలకు పైగా నేలలో ఇంకిన నీటిని త్రాగివేయును.

పూర్వము కపిల బావి అడుగంటితే ఎద్దులను విప్పేవారు. తెల్లవారేసరికి ఊట ఊరేది. మోటారుకు ఆ అలసట లేదు. పైపొర ఎండగా బోరు రాతిపగుళ్లలోనికి దిగినది. అక్కడ ఏండ్ల తరబడి చేరిన నీరు ఒకటి రెండు వానలకు నిండదు. పైగా ఒకరి లోతు బోరు పొరుగువాని బావిని ఎండగట్టును. గెరారు లోయలో కాపరుల జగడమే మన పొలము గట్లమీదను! 2002 నాటి వాల్టా చట్టము క్రొత్త బోరుకు అనుమతి కావలెనన్నది గాని, అప్పుచేసి బోరుబండిని పిలుచువారు ఆగలేదు.

ఇస్సాకు మొదట తండ్రి బావులనే తిరిగి త్రవ్వించెను (ఆది. 26:18). వాటిని పూడ్చినవారు ఫిలిష్తీయులు. మన చెరువు కాలువలను పూడ్చి దున్నుకొన్నది మనమే. ఈ వేసవిలో సంఘ యౌవనస్థులు ఒక్క కాలువనైనను బాగుచేయుదురు గాక. తీసిన ఒండ్రుమట్టిని పొలాలకు తోలుకొనవచ్చును.