మీకు తెలుసా? కల్లుకు అసలు దుకాణం తాటివనమే!

విస్కీ ఇష్టపడేవాళ్లు స్కాట్లాండ్ వెళ్తే, దానికోసమే పెట్టిన దుకాణాన్ని వెతుక్కుంటూ పోతారు. ఏ ఊరి సరుకు, ఎన్నేళ్లు నిల్వ చేశారు అని అడిగి, గుక్కెడు రుచి చూసి కొంటారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దిక్కు వచ్చేవారికి వైన్స్‌లో ఆ ముచ్చట దొరకదు. ఎక్కడ చూసినా అవే సీసాలు. ఏ చెట్టుది, ఎప్పుడు దించింది అని అడిగితే చెప్పగలిగే మనిషి తాటివనంలో ఉంటాడు.

1. విస్కీకి ఏళ్లు, కల్లుకు గంటలు
కనీసం 3 ఏళ్లు ఓక్ పీపాలో ఉంటేనే స్కాచ్ విస్కీ అనిపించుకుంటుంది. కల్లుది తిరగబడ్డ లెక్క. చెట్టు నుంచి దిగిన కొన్ని గంటలకే పులుపెక్కుతుంది, మర్నాటికి నోట పెట్టలేం. అందుకే దాన్ని సూట్‌కేసులో పెట్టి దూరదేశం పంపలేం. తాగాలంటే మనమే చెట్టు దగ్గరికి పోవాలి.

2. విస్కీ గ్లాసులో మన తాటిచెట్టు
స్కాట్లాండ్‌లో జలుబు చేస్తే విస్కీలో వేడినీళ్లు, తేనె, నిమ్మరసం కలిపి తాగుతారు. దాని పేరు హాట్ టాడీ. ఆ ‘టాడీ’ మన దేశపు ‘తాడీ’ నుంచి పోయిన మాటే!

3. పొద్దుపొడవక ముందు నీరా
సున్నం పూసిన లొట్టిలో పట్టి, తెల్లవారకముందే దించితే అది నీరా. తియ్యగా ఉంటుంది, మత్తుండదు. ఈస్ట్ పనిచేయడం మొదలైతే అదే కల్లవుతుంది. అందులో ఆల్కహాల్ సుమారు 5 శాతం. స్కాచ్‌లో 40కి తగ్గకూడదు.

4. చెట్టును బట్టి రుచి
చలికాలం ఈతకల్లు, ఎండాకాలం తాటికల్లు. తాటిలోనూ మగచెట్టు పోతుతాడు, కాయలు కాసేది పండుతాడు. తాగడం అలవాటున్నవాళ్లు ఒక్క గుక్కతో తేడా చెప్తారు. తాటాకును దోనెలా మడిచి పట్టుకుంటే, కల్లుగీసే గౌడన్న లొట్టి వంచి పోస్తాడు. తెల్లటి నురగ ఆకు అంచుదాకా పొంగుతుంది. నురగలో చిక్కిన తేనెటీగను ఊదేసి తాగుతారు.

5. కల్లుగీత ఇంటి నుంచి కోట దాకా
జనగామ జిల్లా ఖిలాషాపూర్‌లో సర్వాయి పాపన్న కోట ఇప్పటికీ ఉంది. గీతవృత్తి కులంలో పుట్టిన ఆయన సైన్యం కూడగట్టి, 1708లో వరంగల్‌పై దాడి చేశాడు. 1710లో మొగలులు ఆయన్ని చంపించారు. దక్కన్ చరిత్రను 8 మంది జీవితాలతో చెప్పిన రిచర్డ్ ఈటన్, అందులో ఒక అధ్యాయం పాపన్నకే ఇచ్చాడు.

6. విస్కీకి చుట్టం ఇప్పసారా
కల్లును కాయరు, దించుతారు. విస్కీలా బట్టీపెట్టి కాచేది ఇప్పసారా. మహబూబాబాద్ జిల్లా గంగారం, కొత్తగూడ, భూపాలపల్లి జిల్లా పలిమెల అడవుల్లో మార్చి, ఏప్రిల్‌లలో తెల్లవారుజామున ఇప్పపువ్వు రాలుతుంది. ఎండబెట్టి, నానబెట్టి, పులిసాక కాస్తారు. ఆదివాసులకు అది వేల్పులకు ఆరబోసే సాక. బాటసారికి అమ్మే సరుకు కాదు. మనం అడిగి వాళ్లను కేసుల పాలు చేయొద్దు.

7. ఒక్కో లొట్టి వెనక ఒక ప్రాణం
మోకు, ముత్తాదు అనే తాళ్లను నమ్ముకుని గౌడన్నలు రోజూ అంతెత్తు చెట్లెక్కుతారు. జారితే ఇల్లంతా కూలుతుంది. వారికోసం 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కాటమయ్య గౌడుల కులదైవం.

8. అసలు కల్లును ఎలా పోల్చాలి?
క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలిపిన కల్తీకల్లు ఎన్నోసార్లు పట్టుబడింది. అది మనిషిని గుల్ల చేస్తుంది. కళ్లముందు చెట్టు నుంచి దించిందే తాగండి. బండి నడిపేవాళ్లు ముట్టొద్దు, వాళ్లకు తాటిముంజలున్నాయి. బేరం ఆడకుండా పైసలిచ్చి, ‘ఇది ఏ తాడు గౌడన్నా?’ అని అడగండి. ఆయన చెయ్యెత్తి ఆ చెట్టునే చూపిస్తాడు.