లైసెన్సు ఎవరి పేర? పని ఎవరిది?

భట్టిప్రోలు స్థూపంలో 1892లో అలెగ్జాండర్ రీ వెలికితీసిన ధాతుపేటికల మీద దాతల పేర్లున్నాయి. ఇటుక మోసినోళ్ల పేర్లు లేవు. కాంట్రాక్టరు లైసెన్సు దగ్గరా మనవాళ్లకు ఎదురయ్యేది ఇదే.

ప్రభుత్వ పనికి టెండరు వెయ్యాలంటే తరగతిని బట్టి రిజిస్ట్రేషన్ ఉండాలి. తరగతి పెరిగేకొద్దీ సొంత పేరున చేసిన పనులకు అనుభవ పత్రం, ఆస్తి చూపే సాల్వెన్సీ సర్టిఫికెట్ అడుగుతారు. ముప్ఫై ఏళ్లు తాపీ పట్టిన మాలపల్లె మేస్త్రి పనంతా కాంట్రాక్టరు పేరనే రికార్డయి ఉంటుంది. సెంటు భూమి లేనోడికి సాల్వెన్సీ ఎక్కడినుంచి వస్తుంది?

కర్ణాటక 2017లో 50 లక్షల లోపు టెండరు పనుల్లో ఎస్సీలకు 17.15 శాతం కోటా అమల్లోకి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2019లో చట్టం చేసి, నామినేషన్ పనుల్లో 15 శాతం ఇచ్చింది. ఇవి పోరాడి సాధించుకున్నవే, కాదనం. కానీ చేతిలో పెట్టుబడి లేకపోతే కోటా బినామీల పాలవుతుంది. లైసెన్సు మనోడిది, పనీ లాభమూ ఇంకొకరివి. పని చెడిపోతే బ్లాక్‌లిస్టులోకి ఎక్కేది మాత్రం మనోడి పేరే.

అందుకే మేం అంటున్నది: మేస్త్రి అనుభవాన్ని అనుభవంగా లెక్కగట్టాలి. సాల్వెన్సీకి బదులు ప్రభుత్వమే పూచీ ఉండాలి. బిల్లు వచ్చేదాకా నిలబడటానికి బ్యాంకు అప్పివ్వాలి. ఇవి లేని కోటా కాగితం మీదే మిగులుతుంది.